వియన్నాలో 71 నంబరు ట్రాము వెంట: పాత శ్మశానవాటికలు, శివారు పేటలు చూసే పద్ధతి

వియన్నాకు రెండు మూడు రోజులకు వెళ్లే ప్రయాణికులు సాధారణంగా షోన్‌బ్రున్ రాజభవనం, స్టెఫాన్ చర్చి, ఒక సంగీత కచేరీ చూసుకుని ప్రాగ్‌కో బుడాపెస్టుకో రైలెక్కేస్తారు. ఇంకొక రోజు మిగిలినవాళ్లు ఊరి నడిబొడ్డున మరో మ్యూజియం వెతుక్కోవడం కంటే ష్వార్ట్జెన్‌బర్గ్ చౌరస్తాలో 71 నంబరు ట్రాము ఎక్కి చివరిదాకా వెళ్లడం మేలు. సంగీత స్రష్ట మొజార్టును ఖననం చేసిన తోట, ఐరోపాలోనే పెద్దవాటిలో ఒకటైన శ్మశానవాటిక, ఆస్ట్రియాలో మొట్టమొదటి దహనవాటిక, డాన్యూబ్ నది ఒడ్డుకు చేర్చిన అనామక శవాలకు దొరికిన చిన్న స్థలం, వీటి మధ్య కార్మికులు నివసించిన పేటలు, అన్నీ ఆ ఒక్క దారిలోనో దాని చివరనో ఉన్నాయి. ఎవరైనా చనిపోతే "71 ఎక్కేశాడు" అనడం వియన్నావాసులకు అలవాటు. 1918లో స్పానిష్ ఫ్లూ విజృంభించిన రోజుల్లో శవాలను నిజంగానే ట్రాము బండ్లలో ఈ దారినే తరలించారు.

పనిలేకుండా శ్మశానానికి వెళ్లడం మన ఇళ్లలో ఆచారం కాదు. వెళ్లివచ్చినవాళ్లు స్నానం చేయకుండా గడప దాటకూడదంటారు. అందుచేత పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు ఈ ప్రయాణం సంగతి ముందే చెప్పి, వాళ్ల ఇష్టం కనుక్కోవడం మర్యాద. వియన్నాలో మాత్రం ఆదివారం మధ్యాహ్నం కుటుంబాలు పిల్లల బండ్లు తోసుకుంటూ ఈ తోటల్లో తిరుగుతుంటాయి, వృద్ధులు బెంచీల మీద కూర్చుని పత్రిక చదువుకుంటారు, అన్నిటికంటే పెద్ద శ్మశానవాటికలోనైతే లోపలే సిటీ బస్సు తిరుగుతుంది. అక్కడ మనం తిరిగితే ఎవరూ వింతగా చూడరు.

శ్మశానాలనూ శివారు పేటలనూ ఒకే ప్రయాణంలో చూడమనడానికి కారణం ఉంది. చక్రవర్తి రెండో జోసెఫ్ 1784 ఆగస్టులో ఇచ్చిన ఆజ్ఞతో ఊరిలోపలి చర్చి ప్రాంగణాల్లో ఖననాలు ఆగిపోయి, శ్మశానాలన్నీ కోట వెలుపలికి, అంటే నేడు గ్యూర్టెల్ అని పిలిచే వలయ రహదారి ఉన్న చోట అప్పట్లో నడిచిన బయటి గోడకు అవతలికి వెళ్లాయి. తొంభై ఏళ్లకు ఊరు పెరిగి వాటిని కూడా చుట్టుముట్టేసరికి, 1874లో ఇంకా దూరంగా సిమ్మరింగ్ పొలాల్లో ఒక మహా శ్మశానవాటికను తెరిచారు. ఊరికి అవసరమై కూడా కళ్లెదుట ఉండకూడదనుకున్నవన్నీ, గ్యాస్ ఫ్యాక్టరీ, ఇటుక బట్టీలు, వాటిలో పనిచేసే చెక్ వలస కూలీలు, అదే దిక్కుకు చేరాయి. నడిబొడ్డున రింగ్ రోడ్డు మీద కనిపించే భవనాల వైభవానికి లెక్కాపత్రం ఈ శివార్లలోనే దొరుకుతుంది.

బయలుదేరే ముందు

వియన్నాలో 23 జిల్లాలున్నాయి. వీధి పేరు రాసిన పలక మీద పేరుకు ముందు జిల్లా అంకె ఉంటుంది. పిన్‌కోడ్‌లోని మధ్య రెండు అంకెలు కూడా అదే చెబుతాయి. 1110 అంటే పదకొండో జిల్లా సిమ్మరింగ్, 1100 అంటే పదో జిల్లా ఫావోరిటెన్, 1190 అంటే పంతొమ్మిదో జిల్లా డ్యోబ్లింగ్. ఈ ఒక్క సూత్రం మనసులో పెట్టుకుంటే చిరునామా చూడగానే ఏ వైపు పోవాలో తెలిసిపోతుంది.

టికెట్టు విషయంలో గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఇక్కడ చెప్పిన చోట్లన్నీ నగర పరిధిలోనివే కాబట్టి మామూలు 24 గంటల టికెట్టో వారం టికెట్టో సరిపోతుంది, అది ట్రాముకూ మెట్రోకూ బస్సుకూ చెల్లుతుంది. కాగితం టికెట్టును మొదటిసారి ఎక్కేటప్పుడు యంత్రంలో ముద్ర వేయించుకోవడం తప్పనిసరి. ముద్ర లేని టికెట్టు తనిఖీదారు దృష్టిలో టికెట్టే కాదు. విమానాశ్రయం మాత్రం నగర పరిధి అవతల ఉంది కనుక సిమ్మరింగ్ మీదుగా అటు వెళ్లేవాళ్లు అదనపు టికెట్టు తీసుకోవాలి.

సమాధుల చిరునామా వెతకడం నేర్చుకోవడం అన్నిటికంటే ముఖ్యం. నగర శ్మశానాల సంస్థ వెబ్‌సైటులో మరణించినవారి పేరు కొడితే శ్మశానం పేరు, విభాగం, వరుస, సమాధి సంఖ్య వస్తాయి. ఈ మూడు అంకెలనూ హోటల్ గదిలోనే రాసి పెట్టుకోవాలి. విభాగాల సంఖ్యలు నేల మీద వరుసక్రమంలో ఉండవు, 32 పక్కన 33 ఉంటుందనుకుని నడిస్తే కాళ్లు నొప్పులు తప్ప సమాధి దొరకదు. ప్రధాన ద్వారం దగ్గర పటం ఉంటుంది, దాన్ని ఫోనుతో ఫొటో తీసుకుంటే లోపల ఉపయోగపడుతుంది.

వేళల విషయానికొస్తే, చలికాలంలో సాయంత్రం ఐదింటికే ద్వారాలు మూసేస్తారు, వేసవిలో ఇంకొంతసేపు తెరిచి ఉంచుతారు. యూదుల విభాగాలకు శనివారం వెళ్లరాదు. ఆదివారం కిరాణా దుకాణాలు మూసి ఉంటాయి కనుక నీళ్లు, తినుబండారాలు శనివారమే కొని దాచుకోవాలి. కుళాయి నీళ్లు కొండల ఊటల నుంచి వచ్చేవి కాబట్టి హోటల్లోనే సీసా నింపుకోవచ్చు.

మొదటి మజిలీ: సాంక్ట్ మార్క్స్

71లో వెళ్తూ సాంక్ట్ మార్క్స్ దగ్గర దిగి, పది నిమిషాలు నడిస్తే ఎర్రటి ఇటుక గోడ వస్తుంది. 1784 నాటి ఆజ్ఞ తర్వాత తెరిచి, 1874లో మూసేసిన శ్మశానం ఇది. ఆ కాలపు శ్మశానాల్లో వియన్నాలో దాదాపు యథాతథంగా మిగిలింది ఇదొక్కటే. 1937 నుంచి ప్రజలకు ఉద్యానంగా తెరిచి ఉంచారు. మే నెల మొదట్లో వెళ్లగలిగితే ఊదారంగు లైలాక్ పూలపొదలు సమాధులను కప్పేసి ఉంటాయి. పక్కనే మోటారు రహదారి పోతుంది కాబట్టి ప్రశాంతత కోసం వెళ్లేవాళ్లు వాహనాల రొదకు సిద్ధపడాలి.

అందరూ ఇక్కడికి మొజార్టు కోసం వస్తారు. 1791 డిసెంబరులో 35 ఏళ్ల వయసులో మరణించిన ఆయనను, ఆనాటి నియమాల ప్రకారం, కొన్నేళ్ల తర్వాత మళ్లీ తవ్వి వాడుకునే సాధారణ సమాధిలో రాయి లేకుండా ఖననం చేశారు. ఆయన దరిద్రుడై చచ్చాడు కనుక అనాథ శవంలా పారేశారన్న కథ ప్రచారంలో ఉంది గానీ, మధ్యతరగతివాళ్లందరికీ అప్పుడు జరిగింది అదే. అసలు చోటు ఏదో ఎవరికీ తెలియదు. విరిగిన స్తంభం, దానికి ఆనుకుని దిగులుపడే బాలదేవదూత ఉన్న ఇప్పటి గుర్తు, ఇతర సమాధుల నుంచి మిగిలిన ముక్కలతో కాపలాదారు కూర్చినది. 1859లో ఇక్కడ ప్రతిష్ఠించిన పెద్ద స్మారకాన్ని శతవర్ధంతి సందర్భంగా 1891లో సిమ్మరింగ్‌లోని కొత్త శ్మశానవాటికకు తరలించారు. అందుచేత మొజార్టుకు రెండు చోట్ల సమాధి గుర్తులున్నాయి, రెండింటి కిందా ఆయన లేడు.

నా మాట వింటే మొజార్టు గుర్తు దగ్గర ఐదు నిమిషాలు ఉండి, మిగతా గంట తక్కిన రాళ్లు చదవడానికి వెచ్చించండి. ఫోనులోని అనువాద కెమెరాను రాతల మీద పెడితే పాత జర్మన్ అక్షరాలను కూడా కొంతవరకు చదువుతుంది. చనిపోయినవారి పేరు కంటే వాళ్ల హోదాకే పెద్దపీట వేసిన రాళ్లు ఎన్నో. ఫలానా గృహ యజమాని గారి భార్య, ఫలానా పౌరహక్కున్న చేతివృత్తిదారు విధవ అని చెక్కించుకున్న ఆ రాళ్లు చూస్తే, మన వీధిలో ఇంటి గేటు మీద పేరుకు ముందూ వెనకా డిగ్రీలు చెక్కించేవాళ్లు గుర్తుకు రాక మానరు. కుట్టుమిషను తయారుచేసిన తొలి ప్రయోగకారుల్లో ఒకడై, పేదల ఆశ్రమంలో 1850లో కన్నుమూసిన జోసెఫ్ మాడర్స్‌పెర్గర్ సమాధి ఇక్కడే ఉంది. గ్రీకు వ్యాపారుల సమాధుల వరుస కూడా ఉంది. గ్రీకు స్వాతంత్ర్య పోరాట నాయకుడు అలెగ్జాండర్ ఇప్సిలాంటిస్‌ను కూడా మొదట ఇక్కడే పూడ్చి, 1964లో అస్థికలను గ్రీసుకు తీసుకుపోయారు.

సిమ్మరింగ్ పెద్దవీధి

మళ్లీ 71 ఎక్కాక కిటికీ పక్కన కూర్చోవాలి. బొత్తిగా అందంలేని పొడవాటి వీధి ఇది. కబాబు దుకాణాలు, టర్కీ బేకరీలు, పొగాకు దుకాణాలు, పూలవాళ్లు, వాటి నడుమ సమాధి రాళ్లు చెక్కేవాళ్ల పెరళ్లు కనిపిస్తాయి. మహా శ్మశానవాటిక తెరిచిన కొత్తలో రోజంతా ఈ వీధి వెంట గుర్రపు శవబండ్లు సాగిపోతుంటే ఇక్కడివాళ్లకు విసుగెత్తిపోయింది. చలికాలంలో మంచులో బండ్లు కూరుకుపోయి అంతిమయాత్ర మధ్యలోనే నిలిచిపోయేది. పరిష్కారంగా 1874లో ఫ్రాన్జ్ ఫెల్బింగర్ అనే ఇంజనీరు, జోసెఫ్ హుడెట్జ్ అనే వాస్తుశిల్పి కలిసి ఒక పథకం వేశారు: ఊరినుంచి శ్మశానం దాకా భూగర్భ గొట్టం వేసి గాలి ఒత్తిడితో శవపేటికలను తోసేయడం. ఉత్తరాలను గొట్టాల ద్వారా పంపే పద్ధతి అప్పట్లో వియన్నాలో వాడుకలోకి రాబోతున్నది కనుక అది పిచ్చి ఆలోచనగా వాళ్లకు తోచలేదు. పథకం కాగితం మీదే ఆగింది.

ఈ వీధికి ఉత్తరంగా 1899 నాటికి కట్టిన నాలుగు ఇటుక గ్యాస్ గోపురాలున్నాయి. 2001 ప్రాంతంలో వాటి లోపల అపార్టుమెంట్లు, దుకాణాలు కట్టారు. మెట్రో యు3లో గ్యాసోమీటర్ స్టేషను దగ్గర దిగితే అరగంటలో చూసి రావచ్చు. లోపలి దుకాణాల వరుస నిరుత్సాహంగా ఉంటుంది; బయటి నుంచి చూస్తే చాలు.

మహా శ్మశానవాటిక

సుమారు రెండున్నర చదరపు కిలోమీటర్లు, 3 లక్షలకు పైగా సమాధులు, దాదాపు 30 లక్షలమంది మృతులు: వియన్నాలో ఇప్పుడు బతికున్నవాళ్ల కంటే ఈ గోడల మధ్య పడుకున్నవాళ్లే ఎక్కువ. దీనికి ట్రాము ఒకే చోట ఆగదు. ఒకటో ద్వారం, రెండో ద్వారం, మూడో ద్వారం అని వేర్వేరు స్టాపులున్నాయి. ఏ ద్వారం దగ్గర దిగుతారన్నదాని మీదే ఆ పూట గడిచే తీరు ఆధారపడుతుంది.

ప్రధానమైనది రెండోది. ద్వారం 1905లో మాక్స్ హెగెలె అనే వాస్తుశిల్పి రూపకల్పనలో కట్టారు, దూరంగా కనిపించే పచ్చటి గోపురం చర్చి కూడా ఆయనదే. లోపలికి వెళ్లగానే ఎడమకు, గోడ వెంట, 1874 నవంబరు 1న ఇక్కడ తొలుత ఖననమైన జాకబ్ జెల్జర్ సమాధి ఇంకా ఉంది. మొజార్టుకు ప్రత్యర్థిగా పేరుబడ్డ సాలియేరి కూడా గోడ వెంటే ఉన్నాడు. తర్వాత పెద్దబాట పట్టుకుని చర్చి వైపు నడిస్తే ఎడమవైపు సంగీతకారుల 32ఎ విభాగం వస్తుంది. బీథోవెన్, షూబర్ట్, బ్రాహ్మ్స్, తండ్రీకొడుకులైన ఇద్దరు స్ట్రౌస్‌లు అర్ధచంద్రాకారంలో కొలువు తీరినట్టుంటారు, మధ్యలో సాంక్ట్ మార్క్స్ నుంచి తెచ్చిన మొజార్టు స్మారకం. పర్యాటక బృందాలన్నీ ఇక్కడే ఫొటోలు తీసుకుని వెనక్కి తిరుగుతాయి.

ఈ కొలువు ఎవరు ఎందుకు తీర్చారో తెలిశాక చూడడం మంచిది. కొత్త శ్మశానం తెరిచినప్పుడు జనం దాన్ని ఇష్టపడలేదు. ఊరికి బహుదూరం, చెట్లు లేని మైదానం. పైగా అన్ని మతాలవారికీ తెరిచి ఉంచాలన్న నగర పాలక మండలి నిర్ణయం కాథలిక్కులకు మింగుడుపడలేదు. గొడవ జరుగుతుందన్న భయంతో ప్రారంభానికి రెండు రోజుల ముందు తెల్లవారుజామున కాథలిక్ మతాధికారి కార్డినల్ రౌషర్ గప్‌చుప్‌గా వచ్చి ఆశీర్వదించి వెళ్లాడు. ఇష్టం పుట్టించడానికి పాలక మండలి 1881లో ఒక ఉపాయం పన్నింది: ప్రసిద్ధులకు గౌరవ సమాధులు కేటాయించి, పాత శ్మశానాల నుంచి వాళ్ల అస్థికలను తవ్వించి ఇక్కడికి తెప్పించాలి. 1827లో, 1828లో ఊరికి మరో వైపున్న వేరింగ్‌లో ఖననమైన బీథోవెన్, షూబర్ట్‌లు ఆ విధంగా 1888లో ఇక్కడికి చేరారు. వాళ్ల మొదటి సమాధి రాళ్లు ఇప్పుడు షూబర్ట్ పార్కు అని పిలిచే ఆ పాత చోటులోనే ఉన్నాయి. అక్కడికి వెళ్లేవాళ్లు తక్కువ కాబట్టి బీథోవెన్ మీద నిజమైన భక్తి ఉన్నవాళ్లు ఆ పార్కుకు కూడా ఓ పూట కేటాయించడం న్యాయం.

ఇంజనీరింగు చదివిన మనవాళ్లకు నేను సూచించేది 14సి విభాగంలోని లూడ్విగ్ బోల్ట్స్‌మన్ సమాధి. తెల్లటి పాలరాతి అర్ధప్రతిమ, గంభీరమైన గడ్డం, పైన రాతిలో చెక్కిన ఒక సమీకరణం: ఎస్ సమానం కె లాగ్ డబ్ల్యు. ఇంటర్మీడియెట్ దాటి ఉష్ణగతిశాస్త్రం పుస్తకం తెరిచిన ప్రతివారికీ ఈ ఎంట్రోపీ సూత్రం పరిచయమే. ఆయన 1906లో ఇటలీ తీరంలోని డుయినోలో ఆత్మహత్య చేసుకున్నాడు, మొదట డ్యోబ్లింగ్‌లో ఖననమై తర్వాత ఇక్కడికి వచ్చాడు. పరీక్షకు బట్టీపట్టిన సూత్రాన్ని రాతిలో లోతుగా తవ్విన అక్షరాల్లో చూడడం వేరే అనుభూతి. అక్కడ నుంచి 32సి విభాగంలో సంగీత స్రష్ట షోయెన్‌బెర్గ్ సమాధి మీది వంకరగా నిలబెట్టిన తెల్లటి ఘనం, 40లో పాప్ గాయకుడు ఫాల్కో అభిమానులు పేర్చిన వస్తువులు చూసుకుంటూ పోవచ్చు. దూరం ఎక్కువనిపిస్తే లోపలి బస్సు 106 ఎక్కాలి.

ప్రసిద్ధుల వరుస దాటి మామూలు సమాధుల్లోకి కూడా కొంచెం దూరం నడవాలి. ఇక్కడ సమాధి స్థలం సొంతం కాదు. హక్కు సాధారణంగా పదేళ్ల చొప్పున కొనుక్కుని, గడువు తీరినప్పుడల్లా పొడిగించుకోవాలి. కుటుంబం పట్టించుకోకపోతే స్థలం తిరిగి శ్మశానానిదవుతుంది. అందుకనే కొన్ని రాళ్ల మీద కార్యాలయాన్ని సంప్రదించమని కోరే చీటీలు అంటించి ఉంటాయి. గౌరవ సమాధులను మాత్రం నగరమే చూసుకుంటుంది.

ఇక ఒకటో ద్వారం. 1879 నుంచి వాడుకలో ఉన్న పాత యూదుల విభాగం అక్కడుంది. రచయిత ఆర్థర్ ష్నిట్స్‌లర్, రోత్‌షీల్డ్ కుటుంబీకులు ఈ వైపునే ఉన్నారు. 1938 నవంబరులో నాజీ మూకలు ఇక్కడి అంత్యక్రియల మందిరాన్ని ధ్వంసం చేశాయి. సమాధులను చూసుకోవలసిన కుటుంబాలు దేశం విడిచిపోయాయి లేదా హత్యకు గురయ్యాయి. అందువల్ల ఐవీ తీగలు రాళ్లను పూర్తిగా మింగేశాయి, చెట్ల మధ్య జింకలు మేస్తుంటాయి. రెండో ద్వారం దగ్గరి చక్కని పూలమళ్లు చూసి నేరుగా ఇటు వస్తే ఆ తేడా ఎవరూ వివరించనక్కరలేకుండానే అర్థమవుతుంది. ఇక్కడ పురుషులు తల కప్పుకోవాలి. సమాధుల మీద పూలకు బదులు పేర్చిన గులకరాళ్లను కదపకూడదు.

తక్కిన మర్యాదలు చెప్పకుండానే తెలిసేవి: అంతిమయాత్ర ఎదురైతే పక్కకు జరిగి నిలబడడం, ఏడుస్తున్నవారి వైపు కెమెరా తిప్పకపోవడం, రాళ్ల మీద కూర్చోకపోవడం. దీపాలను ముట్టుకోకండి, ఎర్రటి గాజు గిన్నెల్లోని కొవ్వొత్తుల మైనం ఇప్పటికే ఇక్కడి అడవి హ్యామ్‌స్టర్లు (ఎలుకజాతి జంతువులు) కొరుక్కుని తినేస్తుంటాయి, సాయంత్రంపూట ఓపికగా నిలబడితే బుగ్గలు ఉబ్బించుకుని మైనం మోసుకుపోయే ఆ జంతువును చూడవచ్చు. నవంబరు 1న, సకల పునీతుల పండుగ రోజున, ట్రాములు కిక్కిరిసి ఉంటాయి, చామంతుల కుండీలతో వియన్నా అంతా ఇక్కడికే కదిలివస్తుంది. కోస్తా జిల్లాల్లో సమాధుల పండుగకు సున్నం వేసి కొవ్వొత్తులు పెట్టే కుటుంబాలను ఎరిగినవారికి అది కొత్తగా అనిపించదు. సమాధులు వెతుక్కునే పని మాత్రం ఆ రోజు పెట్టుకోవద్దు.

రెండో ద్వారం పక్కనే అంత్యక్రియల మ్యూజియం ఉంది. అడుగున తలుపు తెరుచుకుని శవాన్ని గుంతలోకి జార్చి, ఖాళీ పెట్టెను మళ్లీ వాడుకునే శవపేటికను అక్కడ చూడవచ్చు. కలప పొదుపు కోసం రెండో జోసెఫ్ ఆజ్ఞాపించిన పద్ధతి అది. జనం తిరగబడడంతో 1785 మొదట్లోనే ఆయన వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

రోడ్డుకు అవతలి దహనవాటిక

రెండో ద్వారానికి ఎదురుగా, రోడ్డు దాటితే, పాత రాజోద్యానం గోడల మధ్య వాస్తుశిల్పి క్లెమెన్స్ హోల్జ్‌మైస్టర్ కట్టిన దహనవాటిక ఉంది. దాదాపు ఏ యాత్రా పుస్తకమూ దీని దగ్గర ఎక్కువసేపు ఆగదు, కానీ దహనం సహజమనుకునే మనకు దీని కథ తెలిసి తీరాలి. 1922 డిసెంబరు 17న దీన్ని ప్రారంభించాలని నగర పాలకులు నిర్ణయించారు. కాథలిక్ చర్చి దహనాన్ని నిషేధించిన కాలం అది. క్రిస్టియన్ సోషల్ పార్టీకి చెందిన కేంద్రమంత్రి రిచర్డ్ ష్మిట్జ్ ప్రారంభం ఆపమని ముందురోజు ఆదేశం పంపాడు. వియన్నా మొట్టమొదటి సోషల్ డెమొక్రాట్ మేయరు జాకబ్ రాయ్‌మన్ దాన్ని పక్కనపెట్టి తెరిచేశాడు. మంత్రి వ్యవహారాన్ని రాజ్యాంగ న్యాయస్థానం దాకా లాగాడు, న్యాయస్థానం మేయరును దోషిగా ఎంచలేదు. చర్చి తన నిషేధాన్ని 1963లో గానీ సడలించలేదు. శవాన్ని కాల్చే హక్కు కోసం పార్టీలు, పత్రికలు, న్యాయమూర్తులు తలపడ్డ ఊరు ఇది. లోపల ఎత్తైన మొనదేలిన కమానులు, అస్థికల కలశాలు పాతిన చిన్న చిన్న పలకలు వరుసలుగా కనిపిస్తాయి. కార్యక్రమం జరుగుతుంటే బయటి తోటలోనే ఉండిపోవాలి.

అనామకులు

71 చివరి స్టాపు కైజర్‌ఎబర్స్‌డోర్ఫ్. అక్కడ నుంచి ఆల్బెర్న్ రేవు వైపు బస్సులు నడుస్తాయి గానీ అరుదు. తిరుగు బస్సు వేళ ముందే యాప్‌లో చూసుకోనివాళ్లు ధాన్యం గోదాముల దగ్గర నిలబడి ఎదురుచూడవలసి వస్తుంది. గోదాముల వెనక వరదకట్ట దాటి దిగితే అనామకుల శ్మశానం. నది ఇక్కడ ఒక సుడిగా తిరిగేది, మునిగినవాళ్లు, నదిలో దూకినవాళ్లు ఇక్కడ తేలేవారు. 1900కు ముందటి పాత భాగంలో 478 మందిని ఖననం చేశారు, అది వరదల్లో పోయి అడవిలో కలిసింది. 1900 నుంచి 1940 వరకు ఖననమైన 104 మంది మాత్రం ఇప్పటి గోడ లోపల ఉన్నారు, వాళ్లలో 61 మంది ఎవరో ఎన్నడూ తెలియలేదు. నల్లటి ఇనప శిలువ, దాని మీద వెండిరంగు క్రీస్తు, కింద చిన్న పలక మీద "పేరు లేనివారు" అని ఒకే మాట. అలాంటివే వరుసగా ఉంటాయి. 1939లో రేవు కట్టాక ప్రవాహం మారిపోయి శవాలు రావడం ఆగింది. సకల పునీతుల పండుగ తర్వాతి ఆదివారం జాలర్లు పూలమాలలు పెట్టిన తెప్పను డాన్యూబ్‌లో విడిచిపెడతారు. ఇక్కడ చూడడానికి ఇరవై నిమిషాలు చాలు. చీకటిపడే వేళకు మాత్రం వెళ్లకూడదు, కట్ట మీద దీపాలుండవు.

బతికినవాళ్ల పేటలు

రెండో రోజు కూడా ఉంటే సిమ్మరింగ్ నుంచి ఫావోరిటెన్ వైపు వెళ్లే 11 నంబరు ట్రాము ఎక్కాలి. రింగ్ రోడ్డు భవనాల ఇటుకలు కాలిన చోటు ఇటువైపు, వీనర్‌బెర్గ్ దగ్గరే. బొహీమియా, మొరావియాల నుంచి వచ్చిన చెక్ కూలీలు బట్టీల పక్కన గుడిసెల్లో కిక్కిరిసి, కూలికి బదులు యజమాని దుకాణంలో మాత్రమే చెల్లే రేకు బిళ్లలు తీసుకుని బతికేవారు. 1888లో విక్టర్ ఆడ్లర్ అనే వైద్యుడు ఆ స్థితిగతులు స్వయంగా చూసి పత్రికలో రాశాడు, దాని తర్వాతే అక్కడి దోపిడి మీద రచ్చ మొదలైంది. ఆయన పేరు పెట్టిన విక్టర్ ఆడ్లర్ సంత ఇప్పటికీ పనిదినాల్లో సందడిగా ఉంటుంది. చెక్ మాటల చోట ఇప్పుడు టర్కిష్, సెర్బియన్, అరబ్బీ వినిపిస్తాయి. టమాటాలు, వంకాయలు, పచ్చిమిరపకాయలు నడిబొడ్డుకంటే చవక. సంతకు దగ్గర్లోనే దహనవాటిక తెరిచిన మేయరు పేరిట రాయ్‌మన్ చౌరస్తా, దాని పక్కన 1926లో పూర్తయిన అమాలియా స్నానశాల. ఇళ్లలో స్నానపుగది లేని కార్మికుల కోసం నగరం కట్టిన ఆ భవనంలో ఇప్పటికీ టికెట్టు కొని ఈత కొట్టవచ్చు. స్నానం చేయకుండా హోటలుకు వెళ్లడానికి మనసొప్పని పెద్దవాళ్లు వెంట ఉంటే ఇది బహు సౌకర్యం.

ఈ పేటల్లో నడిచేటప్పుడు అపార్టుమెంట్ల గోడలపై ఎర్రటి లోహపు అక్షరాలు వెతకాలి. వియన్నా నగరపాలక సంస్థ ఫలానా ఏళ్లలో కట్టించినదని వాటి మీద ఉంటుంది. 1923లో విధించిన గృహనిర్మాణ పన్నుతో కట్టిన వేలాది ఇళ్ల గుర్తులవి. అన్నిటికంటే పేరున్నది ఊరికి ఉత్తరాన, మెట్రో యు4 చివర హైలిగెన్‌స్టట్ దగ్గర, 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హోఫ్. కిలోమీటరుకు మించిన పొడవు, 1,382 ఇళ్లు. 1934 ఫిబ్రవరి అంతర్యుద్ధంలో ప్రభుత్వ సైన్యం దీని మీద ఫిరంగులు పేల్చింది. జనం కాపురముండే చోటు కాబట్టి కమానుల నుంచి పెరటిలోకి వెళ్లి నడవవచ్చు గానీ మెట్లెక్కకూడదు, కిటికీల్లోకి కెమెరా పెట్టకూడదు.

సాయంత్రం భోజనానికీ వైనుకూ ద్రాక్షతోటల అంచున ఉన్న స్టామర్స్‌డోర్ఫ్‌కు 31 నంబరు ట్రాములో వెళ్లండి. గ్రిన్‌ట్సింగ్ ఇలాంటి చోట్లలో ఎక్కువ పేరున్నది, అక్కడి చిన్న శ్మశానంలో సంగీత స్రష్ట గుస్తావ్ మాలెర్ సమాధి ఉంది, కానీ అక్కడి మద్యశాలలు పర్యాటక బస్సులతో నిండిపోయాయి. రైతు తన తోట వైను తన పెరట్లోనే అమ్ముకోవచ్చునని అనుమతించింది కూడా రెండో జోసెఫే, అదే 1784 ఆగస్టులో. వాకిట్లో పైన్ కొమ్మ వేలాడదీసి ఉంటే దుకాణం తెరిచి ఉన్నట్టు. భోజనం లోపల కౌంటరులో మనమే ఎంచుకుని తెచ్చుకోవాలి, వైను మాత్రం బల్ల దగ్గరికి తెస్తారు. శాకాహారులు రొట్టె, మిరపపొడి కలిపిన లిప్టావర్ జున్ను ముద్ద, పచ్చళ్లు తీసుకోవచ్చు. బంగాళాదుంప సలాడు చూడ్డానికి శాకాహారంలాగే ఉంటుంది గానీ ఇక్కడివాళ్లు దాన్ని తరచు గొడ్డుమాంసపు రసంతో కలుపుతారు, అడిగి తెలుసుకున్నాకే పళ్లెంలో వేయించుకోవాలి. కార్డు తీసుకోని చోట్లుంటాయి కనుక జేబులో కొంత నగదు, ఫోనులో చివరి ట్రాము వేళ ఉండాలి.